కర్నూలు అడిగితే ఖమ్మం ఇచ్చిన చెయ్యి

జీవరత్నం గురించి ఆళ్లగడ్డలో ఎవరిని అడిగినా ముందు నవ్వుతారు, తర్వాతే చెబుతారు. తెలివైనవాడు అంటారు. ఆ మాట పలికే తీరు వింటే అది పొగడ్త కాదని కొత్తవాడికి కూడా అర్థమవుతుంది. నేను వాడితో నంద్యాలలో ఒకే కప్పు కింద పనిచేశాను కాబట్టి నాకు నవ్వు రాదు, ఒళ్లు మండుతుంది. అయినా రాస్తున్నాను. ఇలాంటి తెలివికి దండలు వేసి ఊరేగించడం మనవాళ్లు ఇంకా మానలేదు.

వాళ్ల నాయన ప్రభుదాసు మిషన్ బడిలో పంతులు. చేతిరాత అంటే ఆయనకు ప్రాణం. తప్పు చేసిన పిల్లవాడి చేత ఒకే వాక్యాన్ని పుస్తకం నిండా రాయించేవాడు. సొంత కొడుకన్న కనికరం కూడా ఉండేది కాదు. ఒకసారి జీవరత్నం రెండు పెన్నులను రబ్బరు బ్యాండుతో జతకట్టి, ఒక్క ఊపులో రెండు వరసలు రాసే ఉపాయం కనిపెట్టాడు. వరసల మధ్య ఎడం ఎక్కడా మారకపోవడం చూసి ప్రభుదాసుకు అనుమానం వచ్చింది. పెన్నులు రెండూ విరిచి పారేశాడు. ఆ రోజు ఆయన అన్న మాటను జీవరత్నమే నాకు చెప్పాడు, అదేదో బిరుదు అయినట్టు.

"రాయించేది శిక్ష కాదురా. రాస్తాంటే ఏం రాస్తాండావో నీ కంటికి ఆనల్లని."

కంటికి ఆనడం అన్నది వాడికి ఎన్నడూ పట్టలేదు. ఒకసారి చేసిన పనిని మళ్లీ చేయమంటే జ్వరం వచ్చినట్టు ముఖం పెట్టేవాడు. టైపు నేర్చుకోరా అని ఇన్‌స్టిట్యూట్‌కు పంపితే లోయరు పరీక్షకు ముందే మానేశాడు. కొట్టిన అక్షరమే కొట్టడానికి మనిషెందుకు అని ఎదురు ప్రశ్న వేశాడట. ఆ తర్వాత నంద్యాలలో వీధికొక కంప్యూటర్ సెంటరు లేచిన రోజులు వచ్చాయి. చెప్పులు బయట విడిచి, కాళ్లు తుడుచుకుని, ఏసీ గదిలోకి గుడిలోకి పోయినట్టు పోయేవారు. వాడూ పోయాడు. మిగతా పిల్లలు ఉద్యోగం కోసం కంప్యూటరు నేర్చుకున్నారు. వీడు పని తప్పించుకోవడం కోసం నేర్చుకున్నాడు, అందుకని అందరికంటే బాగా వచ్చింది.

వాడి అక్క ఫెబా అందుకు పూర్తిగా విరుద్ధం. నాయన రాయించిన ప్రతి వరసనూ వరసగానే రాసిన పిల్ల. చిన్నప్పుడు ఒకసారి నాయన వెంట బ్యాంకుకు పోయి, కౌంటరు అవతల కూర్చున్న ఒకావిడను చూసింది. ఊరి పెద్దమనుషులు కూడా ఆవిడ ముందు చేతులు కట్టుకుని నిలబడ్డారట. అప్పటినుంచీ ఫెబాకు కోరిక అంటే అదొక్కటే. పెళ్లయి కొలిమిగుండ్ల పోయింది. భర్త నాపరాళ్ల లారీ తోలేవాడు. ఆమె చంకలో బిడ్డను వేసుకుని, బస్సు పట్టుకుని నంద్యాల వచ్చి, మా కోచింగ్ సెంటరులో వెనక బెంచీ మీద కూర్చుని లెక్కలు చేసేది. బిడ్డ ఏడిస్తే వరండాలోకి వెళ్లి, కిటికీలోంచి బోర్డు చూస్తూ రాసుకునేది. ఆమెకు లెక్కలు చెప్పినవాణ్ణి నేనే. నా తరగతిలో ఆమెకంటే గట్టి విద్యార్థి మరొకరు లేరు. రెండుసార్లు అంచుదాకా వచ్చి తప్పిపోయింది. రెండు వేల ఏడులో ఆమెకు వయసు దాటిపోతోంది. ఆ ఏడు పోతే ఇక బ్యాంకు పరీక్ష రాసే అర్హతే లేదు. ఆ సంగతి ఆమెకు తెలుసు, నాకు తెలుసు, అందరికంటే బాగా ఆమె తమ్ముడికి తెలుసు.

ఇక మా సెంటరు యజమాని గురుస్వామి. ఆయన చదువు చెప్పిస్తాడని అనుకునేవారు కానీ, ఆయన నిజంగా చేసేది వాస్తు. మా మెట్లు ఏడాదికొక వైపు తిరిగేవి. తూర్పు గోడకు ఉన్న బోర్డును తీయించి పడమటి గోడకు కొట్టించి, మళ్లీ తూర్పుకు తెప్పించాడు. మరుగుదొడ్డి ఈశాన్యంలో ఉందని తాళం వేయించాడు. పిల్లలు రోడ్డవతల హోటలుకు పరుగెత్తేవారు. ఇంత చేసినా ఉద్యోగాలు రాకపోతే తప్పు పిల్లలది.

బ్యాంకు దరఖాస్తులు అప్పుడప్పుడే ఆన్‌లైన్ అవుతున్నాయి. మా దగ్గర చదివే పల్లెటూరి పిల్లల్లో చాలామంది మౌస్ ముట్టుకోనివాళ్లే. వాళ్ల దరఖాస్తులన్నీ సెంటరే నింపాలి. ఆ పని అక్కడే కంప్యూటర్లు చూసుకునే జీవరత్నానికి అప్పగించారు. వాడికి వెంటనే పాత జ్వరం వచ్చింది. అవే గడులు, అవే పేర్లు, అదే ఊరు. కొన్నాళ్లు గది తలుపు వేసుకుని కూర్చున్నాడు. బయటికి వచ్చినప్పుడు వాడి చేతిలో ఒక సాఫ్ట్‌వేర్ ఉంది. దానికి వాడు పెట్టిన పేరు "చెయ్యి".

ఉన్నదున్నట్టు చెప్పాలంటే అది మంచి పనితనమే. విండోస్ లోపల మీటలనూ మౌస్‌నూ కనిపెట్టుకుని ఉండే ఏర్పాటు ఒకటి ఉంటుంది. దానితో నేరుగా మాట్లాడేలా, యంత్రానికి తెలిసిన భాషలోనే వాడు ఒక లైబ్రరీ, అంటే ఆజ్ఞల మూట, కట్టాడు. ఈ మీట నొక్కినట్టు చెయ్యి, బాణాన్ని ఫలానా చోటికి జరుపు, అక్కడ క్లిక్ కొట్టు అని ఆ లైబ్రరీ చెబుతుంది. కంప్యూటరు ఎవరో మనిషి కూర్చుని చేస్తున్నాడనే నమ్ముతుంది. ఎక్సెల్‌లో పిల్లల వివరాలు ఉంటే చాలు, ఒకరి తర్వాత ఒకరి దరఖాస్తు దానంతటదే నిండిపోతుంది. చేతులు పెట్టాడు, బాగానే ఉంది. కళ్లు పెట్టలేదు. తను నొక్కిన చోట ఏముందో ఆ చెయ్యికి తెలియదు, తెలుసుకునే దారి కూడా వాడు ఉంచలేదు.

నిజానికి మౌస్ బాణంతో అవసరమే లేదు. గడి నుంచి గడికి ట్యాబ్ మీటతో పోవచ్చు. పరీక్ష రాసే ఊరిని కూడా మీటలతోనే ఎంచవచ్చు. వాడు మొదట అలాగే చేశాడు. గురుస్వామికి అది నచ్చలేదు.

"బాణం యాడప్పా?" అన్నాడాయన. "బాణం దానంతట అది పోవల్ల. అట్ల పోతేనే గదా జనాలు నోరు తెరిచేది."

జీవరత్నానికి కూడా జనాలు నోరు తెరవడం ఇష్టమే. ఊరి పేరు దగ్గర మీటలు తీసేసి, బాణం వయ్యారంగా వెళ్లి, తెరుచుకున్న జాబితాలో కర్నూలు ఉండే చోట ఠక్కున కొట్టేలా మార్చాడు. ఆ చోటును కొలిచి, అంకెలుగా రాసి పెట్టేశాడు. ఒక ఆదివారం తల్లిదండ్రులను పిలిచి ప్రదర్శన ఇచ్చారు. దొర్నిపాడు నుంచి వచ్చిన ఒక రైతు కంప్యూటరు వెనకకు వెళ్లి, ఎవరైనా దాక్కున్నారేమోనని చూశాడు. గురుస్వామి కరపత్రం వేయించాడు, "చెయ్యి తగలకుండా అప్లికేషన్" అని. జీవరత్నానికి శాలువా కప్పారు.

ఫెబా మాత్రం ఆ ప్రదర్శన చూసి తమ్ముణ్ణి వరండాలోకి పిలిచింది. నేను అక్కడే ఉన్నాను.

"అబ్బీ, నాదొక్కటీ నువ్వు చేత్తో కొట్టురా."

"చేత్తో కొడితేనే తప్పులు పోయేది, అక్కా. దీనికి తప్పే తెలీదు."

"నాకు ఇదే కడాపటిది రా."

"అందుకే చెప్తాండా. నా చేతి కంటే ఇదే మేలు."

ఆమె తమ్ముడి ముఖంలో ఉన్న వెలుగు చూసి ఊరుకుంది. వాడు తమాషా చేయలేదు, నిజంగానే నమ్మాడు. నాకు వాడి మీద కోపం అందుకే ఎక్కువ.

దరఖాస్తులు పంపే రోజు పొద్దున్నే గురుస్వామి ప్యాపిలి నుంచి సిద్ధాంతిని రప్పించాడు. గదులూ మెట్లూ అయిపోయాయి, ఇక మిగిలినవి కంప్యూటర్లే. సిద్ధాంతి తెర ముందు కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. గోడకు తగిలించిన పటంలో లాగే తెర పైభాగం ఉత్తరం అని తేల్చాడు. తర్వాత కింద ఉన్న నీలిరంగు పట్టీ మీద, ఎడమ మూలన వేలు పెట్టాడు.

"ఈడ ఏం రాసుండాది?"

"స్టార్ట్ అని, స్వామీ," అన్నాడు గురుస్వామి.

"అంటే ఏందీ?"

"మొదులు. ఈడ్నుంచే లోపలికి పోవల్ల."

"అంటే తలుపే గదప్పా! నైరుతిలో తలుపు పెట్టుకోని పిల్లోళ్లకు ఉద్యోగాలు రాల్యా రాల్యా అంటే యాడ్నుంచి వస్తాయి?"

గురుస్వామి ముఖం పాలిపోయింది. తన పతనానికంతా కారణం ఇన్నాళ్లకు దొరికినట్టు తల పట్టుకున్నాడు. పట్టీని పైకి జరిపితే తలుపు వాయవ్యానికి వస్తుందని, అది పరవాలేదని సిద్ధాంతి సెలవిచ్చాడు. ముహూర్తం చూసి, కొబ్బరికాయ కొట్టి, గురుస్వామి స్వయంగా మౌస్ పట్టుకుని ఒక్కో కంప్యూటరు పట్టీని కింది నుంచి పైకి లాగాడు. ఆయన జన్మలో కంప్యూటరు మీద చేసిన పని అదొక్కటే.

జీవరత్నం అప్పుడే లోపలికి వచ్చాడు. పట్టీ పైన ఉండటం చూశాడు. విషయం విని పగలబడి నవ్వాడు. వాళ్ల ఇంట్లో వాస్తు పట్టింపు లేదు, పైగా తను సైన్సు మనిషి. నవ్వుతూనే మీట నొక్కి "చెయ్యి"ని వదిలి టీకి వెళ్లిపోయాడు. పట్టీ పైకెక్కితే దాని మందం మేరకు కింద పేజీ మొత్తం జరుగుతుందని వాడికి తెలియదా? నిద్రలో లేపి అడిగినా చెబుతాడు. మూఢనమ్మకాన్ని చూసి నవ్వే తొందరలో వాడికి అది తట్టలేదు. ఊళ్ల జాబితా కిందికి జరిగింది. బాణం మాత్రం పాత చోటికే వయ్యారంగా వెళ్లి ఠక్కున కొట్టింది. ఇంగ్లీషు అక్షరాల వరసలో కర్నూలుకు సరిగ్గా పైన ఉండేది ఖమ్మం. కర్నూలు ఉండాల్సిన చోట ఇప్పుడు ఖమ్మం ఉంది. మా సెంటరు పిల్లలందరికీ, ఫెబాతో సహా, పరీక్ష ఊరు ఖమ్మం అయిపోయింది. వాడు టీ తాగుతున్నాడు.

అప్పటికైనా మునిగిపోలేదు. తప్పులు దిద్దుకోవడానికి బ్యాంకువాళ్లు గడువు ఇచ్చారు. దరఖాస్తుల ప్రింట్లు కూడా వచ్చాయి, వాటి మీద ఊరి పేరు ఉంది. ఎవరో ఒకరు చదివితే చాలు. కానీ మా సెంటరు ఆచారం వేరు. ప్రింట్లను ప్రింటరు నుంచి తీసింది తీసినట్టే బోర్లించి కట్టగా పేర్చి, పసుపు దారం చుట్టి, దేవుడి పటం ముందు పెడతారు. హాల్ టికెట్లు వచ్చేదాకా ఎవరూ ముట్టకూడదు. ఫెబా ఆ గుమ్మంలో నిలబడి అడిగింది.

"సార్, నాది ఒక్కసారి చూసుకుంటా."

"పూజలో ఉండాయమ్మా," అన్నాడు గురుస్వామి. "నడాన తీస్తే దోషం. నీకు పట్టింపు లేకపోవచ్చు, తక్కినోళ్లకు ఉంటాది గదా."

ఆమె తమ్ముడి వైపు చూసింది. వాడు తలుచుకుంటే కంప్యూటరులో తెరిచి చూపించవచ్చు.

"చూసేదానికి ఏముంది అక్కా? చేసింది నేను గదా!" అన్నాడు.

గడువు దాటిపోయింది. పసుపు దారం అలాగే ఉంది.

హాల్ టికెట్లు దించుకున్న రోజు సెంటరులో జరిగిన గోల నేను వర్ణించను. ఖమ్మం ఎటువైపు ఉంటుందని పిల్లలు నన్ను అడిగారు. తండ్రులు గురుస్వామి చొక్కా పట్టుకున్నారు. జీవరత్నం తెర ముందు కూర్చుని, చాలాసేపు కొలతలు వేసి, లేచి వచ్చి నాతో అన్న మాట నేను చచ్చేదాకా మరిచిపోను.

"కోడ్‌లో తప్పేం లేదు సార్. స్క్రీన్ మారింది."

ఫెబా గోడకు ఆనుకుని హాల్ టికెట్‌నే చూస్తోంది. ఆమె ఫోటో సరిగ్గా ఉంది, పేరు సరిగ్గా ఉంది, నాయన పేరు సరిగ్గా ఉంది.

మగపిల్లలకు ఖమ్మం తిరునాళ్లయింది. ముందుగానే గుంపుగా రైలెక్కారు, వాళ్లకు కాపలాగా గురుస్వామి నన్ను పంపాడు. ఆడపిల్లల్లో చాలామందిని ఇళ్లలో పంపలేదు. కర్నూలైతే పొద్దున పోయి సాయంత్రానికి వచ్చేది, రాత్రి బయట ఉండే ఊరికి ఎవరు పంపుతారు? ఫెబా అత్త బాలమ్మ కూడా అదే మాట అంది. ఆవిడ చెడ్డదేం కాదు. కోడలు నంద్యాలకు తిరుగుతుంటే వంటా పనీ తను చూసుకున్న మనిషే.

"కర్నూలు అంటే సరే అన్న్యా. ఖమ్మం అని నాకు ఎవురు జెప్పిరి? పాలు తాగే బిడ్డను ఎత్తుకోని యాడికో ఏలమ్మా!"

చివరికి ముసలాయన ప్రభుదాసు ఆళ్లగడ్డ నుంచి కొలిమిగుండ్ల పోయి, వియ్యపురాలి వాకిట్లో నిలబడి బతిమాలాడు. జీవితంలో ఎవరినీ ఏమీ అడగని మనిషి. కొడుకు నొక్కని మీట కోసం ఆయన చేతులు జోడించాల్సి వచ్చింది. బాలమ్మ మెత్తబడింది కానీ ఆలోగా మంచి రైళ్లు వెళ్లిపోయాయి. అక్కాతమ్ముళ్లు దొరికిన రైలెక్కారు. అది దారిలో ప్రతి స్టేషనులోనూ నిలబడి కునికిపాట్లు పడింది.

నేను పిల్లలను లోపలికి పంపి, పరీక్ష జరిగే కాలేజీ గేటు బయట టీ బడ్డీ దగ్గర కూర్చున్నాను. గేటు వేసేశారు. ఇంకొంచెం సేపటికి ఒక ఆటో వచ్చి ఆగింది. ఫెబా దిగి పరుగెత్తింది. వెనక జీవరత్నం, భుజం మీద బిడ్డ. ఆమె ఊచల సందులోంచి హాల్ టికెట్ చాపింది. వాచ్‌మన్ దాన్ని చూడను కూడా చూడలేదు, తల అడ్డంగా ఊపాడు. నేను వెళ్లి బతిమాలాను, అరిచాను. లోపల గంట కొట్టారు.

ఆమె ఏడవలేదు. గేటు పక్కన దిమ్మ మీద కూర్చుని, తమ్ముడి చేతిలోంచి బిడ్డను తీసుకుంది. తర్వాత తల ఎత్తకుండానే అంది.

"అందురి అప్లికేషన్లూ బేగా అయిపాయ గదరా. ఇంగ సంతోషమేనా?"

జీవరత్నం ముఖం చూస్తే జాలి వేయాల్సింది, నాకు వేయలేదు. బిడ్డ అడ్డంగా లేకపోతే నిజంగానే చెంప పగలగొట్టేవాణ్ణి.

నంద్యాలలో మాత్రం ఏ చెంపా పగల్లేదు. ఖమ్మం పోయినవాళ్లలో కొందరు పాసయ్యారు. గురుస్వామి కొత్త కరపత్రం వేయించాడు, "ఖమ్మం గడ్డ మీద మన విజయభేరి" అని. రాయలేకపోయిన ఆడపిల్లల సంగతి ఎవరో అడిగితే, సిద్ధాంతిని మళ్లీ రప్పించి తెర చూపించాడు. ఈసారి దోషం చెత్తబుట్ట బొమ్మలో దొరికింది. అది ఆగ్నేయంలో ఉందట. పట్టీ మాత్రం పైనే ఉంది. ఆ నెలాఖరుకు నేను అక్కడ మానేశాను. జీవరత్నం నాకంటే ముందే మానేశాడు.

రెండేళ్ల తర్వాత ఏదో పని మీద ఆళ్లగడ్డ పోయాను. బస్టాండు దగ్గర కొత్త నెట్ సెంటరు కనిపించింది. బయట అట్టముక్క మీద ముత్యాల్లాంటి అక్షరాలతో రాసి ఉంది, "అప్లికేషన్లు చేత్తో నింపబడును" అని. అది ప్రభుదాసు చేతిరాత. ఊరివాళ్లు నవ్వేది ఆ అట్టముక్కను చూసే. చేత్తో కాక ఎవరైనా కాలితో నింపుతారా అని వాళ్ల హాస్యం. నవ్వుకోనీ.

లోపల కంప్యూటరు ముందు ఫెబా ఉంది. భర్త ఇప్పుడు ఆళ్లగడ్డ శిల్పులకు రాయి తోలుతున్నాడట, కాపురం ఇక్కడికి మారింది. జీవరత్నం మూలన జిరాక్స్ తీస్తున్నాడు. నన్ను చూసి తల వంచుకుని, "కూచోండి సార్," అన్నాడు. కంప్యూటరు జోలికి రాలేదు. అక్క కుర్చీ చుట్టూ ఎక్కడో కనపడని గీత ఒకటి ఉన్నట్టుంది, వాడు దాన్ని దాటడం నేను చూడలేదు.

ఫెబా ఎదురుగా ఒక పల్లెటూరి అమ్మాయి నిలబడి ఉంది. బ్యాంకు పరీక్షకే. ఫెబా పేరు కొట్టి పైకి చదివింది. నాయన పేరు కొట్టి పైకి చదివింది. వెనక వరసలో ఉన్నవాళ్లు విసుక్కుంటున్నారు. ఊళ్ల జాబితా దగ్గరికి రాగానే మీటల మీద నుంచి చేతులు తీసేసి, తెరను అమ్మాయి వైపు తిప్పింది.

"ఏ ఊర్లో రాస్తావమ్మా?"

"కర్నూలు, మేడం."

"నాకు జెప్పద్దు. ఈ మౌస్ పట్టుకో. దాని మీద నువ్వే నొక్కు."

అమ్మాయికి మౌస్ కొత్త. బాణం ఎటో జారిపోయింది. మళ్లీ తెచ్చింది, మళ్లీ జారింది. బస్సు పోతుందని వెనక ఎవరో అరిచారు. జీవరత్నం అప్రయత్నంగా ఒక అడుగు ముందుకు వేశాడు.

"నువ్వు ఆడే ఉండు," అంది ఫెబా, వెనక్కి చూడకుండానే. తర్వాత అమ్మాయితో అంది, "తొందరేం లేదులేమ్మా. చదువుకోని నొక్కు."